ఎర్రగడ్డ నుంచి ఎర్రమంజిల్ దాకా

ముంబై వైపు నుంచి వచ్చే పాత హైవే మూసాపేట, భరత్‌నగర్ దాటి ఎర్రగడ్డకు చేరేసరికి ఊరి రోడ్డయిపోతుంది. లారీలు తగ్గి ఆటోలు, సిటీ బస్సులు కమ్ముకుంటాయి. పైన మెట్రో వంతెన, కింద రైతు బజారు జనం. ఇక్కడి నుంచి ఎర్రమంజిల్ దాకా మెట్రో లెక్కలో ఆరు స్టేషన్లు: ఎర్రగడ్డ, ఈఎస్ఐ ఆస్పత్రి, ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట, పంజాగుట్ట, ఎర్రమంజిల్. ఏ భూమిని ఏ పనికి వాడాలి, అది తేల్చే హక్కు ఎవరిది అని హైదరాబాదులో నడిచే తగాదాలన్నీ ఈ కొద్ది దూరంలోనే కనబడతాయి. ఇల్లు హాస్టలవుతుంది. పార్కింగు సెల్లారు క్లాసురూమవుతుంది. ఆస్పత్రి స్థలాన్ని సచివాలయానికి అడుగుతారు. నవాబు మహలును కూల్చి అసెంబ్లీ కడతామంటే హైకోర్టు వద్దంటుంది.

ఎర్రగడ్డలోని ఛాతీ ఆస్పత్రి ఒకప్పుడు ఇర్రం నుమా అనే మహలు. కట్టించింది నవాబు ఫక్రుల్ ముల్క్. రోడ్డు అవతలి కొసన ఉన్న ఇర్రం మంజిల్, అంటే జనం నోట ఎర్రమంజిల్, కూడా ఆయనదే. 2015 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం ఈ ఆస్పత్రిని వికారాబాదు దగ్గరి అనంతగిరికి తరలించి, ఇక్కడ కొత్త సచివాలయం కట్టాలని తీర్మానించింది. చుట్టుపక్కల కాలనీలకు ఆ సంగతి పేపర్లు చూశాకే తెలిసింది. రోగులు, డాక్టర్లు, వారసత్వ కట్టడాల మీద మమకారమున్నవాళ్ళు అందరూ అభ్యంతరం చెప్పారు. చివరికి ఆ ఆలోచన విరమించుకున్నారు. 2022 ఏప్రిల్‌లో అదే ప్రాంగణంలో పెద్ద సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రికి శంకుస్థాపన జరిగింది. ఆస్పత్రి స్థలం ఆస్పత్రికే మిగిలింది. కానీ అది మిగలడానికి అంత గొడవ ఎందుకు జరగాల్సి వచ్చిందో తెలియాలంటే, ఈఎస్ఐ వైపు నడుస్తూ కాస్త చట్టం మాట్లాడుకోవాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం 1975లో వచ్చింది. దాని కిందనే హైదరాబాదు పట్టణాభివృద్ధి సంస్థ, హుడా, ఏర్పడింది. నగరమంతటికీ ప్లాను గీసి, ఏ భాగంలో ఏం ఉండాలో జోన్లుగా విడగొట్టారు. నివాసం, వాణిజ్యం, పరిశ్రమ, పార్కులు, ప్రభుత్వ సంస్థలు, ఇలా. 2008లో హుడా స్థానంలో మహానగర అభివృద్ధి సంస్థ, హెచ్ఎండీఏ, వచ్చింది. పాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధికి, అంటే మనం నడుస్తున్న ఈ నడిబొడ్డుకు, సవరించిన మాస్టర్ ప్లాన్ 2010 ఆగస్టులో ఖరారైంది. 1975 నుంచి 2010 అంటే ముప్ఫై అయిదేళ్ళు. ఈ రోడ్డు మీద ముప్ఫై అయిదేళ్ళలో రెండు తరాల వ్యాపారాలు వచ్చి పోయాయి. ప్లాను కాగితం మీద అలాగే ఉండిపోయింది.

ప్లానులో నివాసమని ఉన్న స్థలాన్ని వాణిజ్యానికి మార్చుకునే దారి చట్టంలోనే ఉంది. దరఖాస్తు పెట్టాలి. ప్రభుత్వం ఒప్పుకుంటే ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి ప్రజల అభ్యంతరాలు పిలుస్తుంది. గడువు మామూలుగా 15 రోజులు. ఆ తర్వాత కన్వర్షన్ చార్జీలు కట్టించుకుని తుది ఉత్తర్వు ఇస్తుంది. అలాంటి జీవో ఒకటి చేతికి దొరికితే చివరిదాకా చదవండి. కింద షెడ్యూలులో ఉత్తరాన ఫలానా సర్వే నంబరు, దక్షిణాన ఇన్ని అడుగుల రోడ్డు, తూర్పున పక్కవారి ఇల్లు అని చతుస్సీమలు ఉంటాయి. దాని పైన షరతులు. ఈ మార్పును భూమి మీద హక్కుకు రుజువుగా వాడుకోకూడదు అనేది వాటిలో ఒకటి. భూపరిమితి సమస్యలుంటే సంబంధిత అధికారులే చూసుకోవాలనేది ఇంకొకటి. ఆ స్థలం ఎవరిదో తేల్చడం తన పని కాదని ఆ కాగితమే ఒప్పుకుంటుంది. తూర్పున ఉన్న ఆ పక్కింటి మనిషి ఆ జీవోలో సరిహద్దుగా మాత్రమే ఉంటాడు. మార్పువల్ల ఎక్కువ ప్రభావం పడేది మాత్రం అతని మీదే.

ఎస్.ఆర్. నగర్ చేరేసరికి ఈ పక్కింటి మనిషి ముఖాముఖి ఎదురవుతాడు. నీలం సంజీవరెడ్డి పేరు పెట్టుకున్న ఈ కాలనీ ఇళ్ళ కోసం గీసింది. వీధుల వెడల్పు, డ్రైనేజీ పైపు, నీళ్ళ లైను, అన్నీ కుటుంబాలను లెక్కవేసి వేసినవే. మెయిన్ రోడ్డు వదిలి లోపలి వీధికి తిరిగితే పాత ఇళ్ళు ఇంకా ఒకటీ అరా ఉన్నాయి. ముందు చిన్న గేటు, సన్నజాజి పందిరి, సెట్‌బ్యాక్‌లో ఒక కొబ్బరిచెట్టు. వాటి మధ్య నాలుగంతస్తుల హాస్టళ్ళు. గేటు పక్కనే కరెంటు మీటర్ల వరుస. గోడమీద బాయ్స్ హాస్టల్, గర్ల్స్ హాస్టల్, ఏసీ, నాన్ ఏసీ, త్రీ షేరింగ్, ఫోర్ షేరింగ్. వరండా ఉండాల్సిన చోట చెప్పుల గుట్ట. ప్రహరీ కొంచెం కొట్టి రెండు మడిగెలు దించారు, ఒకదాంట్లో జిరాక్సు, ఇంకోదాంట్లో కర్రీ పాయింటు. పొద్దున్నే నీళ్ళ ట్యాంకరు రివర్సులో వచ్చి వీధి మొత్తాన్ని మూసేస్తుంది.

ఆ హాస్టల్ నడిపేవాళ్ళను అడిగితే చెప్పే మాట ఏ వీధిలోనైనా ఒకటే: "ప్రాపర్టీ ట్యాక్స్ కమర్షియల్‌దే కడ్తున్నం. కరెంటు బిల్లు కమర్షియల్. ట్రేడ్ లైసెన్సు ఉన్నది. ఇంకేం గావాలె సార్?" ఈ ప్రశ్నలో న్యాయం లేదని అనలేం. నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీలో పన్నుల విభాగం ఆ భవనాన్ని వ్యాపారమని రాసుకుంది. విద్యుత్ సంస్థ రెండో కేటగిరీ మీటరు బిగించింది. అదే జీహెచ్ఎంసీలో టౌన్ ప్లానింగ్ ఫైలు మాత్రం, మంజూరైన నక్షాను బట్టి, ఇంకా నివాస భవనమనే అంటుంది. ఒకే ఇంటికి మూడు లెక్కలు. వీటిలో ఏది చట్టమో తేల్చే పని చివరికి కోర్టుకు పడుతుంది.

కోర్టు సంవత్సరాలుగా ఒకే మాట తేలుస్తోంది. పన్ను కట్టినంత మాత్రాన వినియోగం సక్రమమైపోదు. నోయిడాలో నివాస సెక్టార్ల ఇళ్ళలో బ్యాంకులు, నర్సింగ్ హోములు పెట్టిన కేసులో నివాస స్థలంలో అలాంటి వినియోగం చెల్లదని సుప్రీంకోర్టు 2011 డిసెంబరులో చెప్పింది. ఎస్.ఆర్. నగర్ లాంటి కాలనీకి మరీ దగ్గరగా వచ్చే తీర్పు 2024 డిసెంబరు 17న వచ్చింది. మీరట్ శాస్త్రినగర్‌లో అక్కడి ఆవాస్ వికాస్ పరిషత్, అంటే మన హౌసింగ్ బోర్డు లాంటి సంస్థ, నివాసానికని ఇచ్చిన ప్లాటులో దుకాణాలు కట్టారు. దశాబ్దాలు గడిచాయి, ఎవరూ అడ్డుపడలేదు, ఇప్పుడెలా కూలుస్తారు అని దుకాణదారులు వాదించారు. అధికారుల అలసత్వం, గడిచిన కాలం, పెట్టిన పెట్టుబడి, ఇవేవీ అక్రమాన్ని సక్రమం చేయలేవని జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్‌ల ధర్మాసనం తేల్చింది. దేశమంతటికీ కొన్ని ఆదేశాలు కూడా ఇచ్చింది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఇవ్వాలి. అక్రమ భవనంలో ఏ వ్యాపారానికీ లైసెన్సు ఇవ్వకూడదు. బ్యాంకులు కూడా ఆ సర్టిఫికెట్ చూశాకే అప్పు ఇవ్వాలి. ఈ ఆదేశాలు అక్షరాలా అమలైతే హాస్టల్ యజమాని చూపించే ఆ మూడు కాగితాల్లో రెండు ఇక ఆధారంగా నిలవవు.

నా మనసు ఇక్కడ ఒక్క వైపే మొగ్గదు. ఆ హాస్టల్లో ఉండేది ఎవరు? శ్రీకాకుళం నుంచో, నల్లగొండ నుంచో, కరీంనగర్ నుంచో వచ్చి అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం వెతుక్కునే పిల్లలు. కుటుంబం లేని కుర్రాడికి, ఒంటరి ఆడపిల్లకు ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు ఈ ఊళ్ళో తక్కువ. వాళ్ళకు చోటు ఇచ్చింది ఈ వీధులే. వాళ్ళ బస వ్యాపారమా, నివాసమా అన్నది పన్నుల శాఖకూ తేలని ప్రశ్నే. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్, నెలకు 20,000 రూపాయల దాకా అద్దెతో కనీసం 90 రోజులుండే హాస్టల్ బసకు పన్ను మినహాయించింది. పడుకుని లేచి చదువుకునే చోటును, రసాయనాల గోదామును ఒకే గాటన కట్టి 'దుర్వినియోగం' అనడం సరికాదు.

గోదాము మాట ఊరికే అనలేదు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది భాగంలో నిల్వచేసిన రసాయన డ్రమ్ములకు నిప్పంటుకుంది. పై అంతస్తుల్లో నివసించేవాళ్ళు కనీసం తొమ్మిదిమంది చనిపోయారు. జోనింగు అంటే ప్లాన్ రంగుల గురించి అధికారుల చాదస్తమని అనుకునేవాళ్ళు ఆ భవనాన్ని గుర్తుచేసుకోవాలి. జనం నిద్రపోయే చోట కింద ఏముందన్నది ప్రాణాలకు సంబంధించిన సంగతి.

ఎస్.ఆర్. నగర్ నుంచి అమీర్‌పేట ఒక్క స్టేషనే. నడిచినా పెద్ద దూరం కాదు. మైత్రీవనం, స్వర్ణజయంతి కాంప్లెక్సులు ఇక్కడి ఆనవాళ్ళు. రెండూ హుడా కట్టించిన వాణిజ్య సముదాయాలే. ఏళ్ళ తరబడి హెచ్ఎండీఏ కార్యాలయం నడిచింది స్వర్ణజయంతిలో. భూవినియోగం మార్పు ఫైళ్ళు పట్టుకుని జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కిన మెట్లు అవే. వ్యాపారం ఉండాల్సిన చోట వ్యాపారం కోసమే కట్టిన భవనాలు కాబట్టి వాటి మీద పేచీ లేదు. పేచీ వాటి వెనక సందుల్లో ఉంది. వైటూకే నాటి నుంచి జావా, ఒరాకిల్, శాప్ నేర్పే ఇన్‌స్టిట్యూట్లు ఇంతలంతలై, కాంప్లెక్సులు చాలక, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లోని నీలగిరి, అన్నపూర్ణ బ్లాకులదాకా పాకాయి. బ్లాకుల పేర్లు చూస్తేనే తెలుస్తుంది, వాటికి పేరు పెట్టినవాళ్ళు మనసులో కుటుంబాలను పెట్టుకున్నారని. ఇప్పుడు ఒక్కో గోడ మీద ఎన్ని బోర్డులో లెక్కపెట్టడం కష్టం. మెట్ల దగ్గర కరపత్రాలు పంచే కుర్రాళ్ళు, లిఫ్టు ముందు క్యూ.

ఇలాంటి చోట టౌన్ ప్లానింగ్ వాళ్ళు కదిలితే జరిగేది అందరికీ కంఠతా వచ్చు. మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం 452వ సెక్షన్ కింద నోటీసు వస్తుంది. తర్వాత 636 కింద కూల్చివేత ఉత్తర్వు. మర్నాడు యజమాని సిటీ సివిల్ కోర్టుకో, హైకోర్టుకో వెళ్తాడు. స్టేటస్ కో వస్తుంది. కౌంటర్ దాఖలు చేసి ఆ స్టే తొలగించాల్సిన పని కార్పొరేషన్‌ది, అది ఏళ్ళు పడుతుంది. ఈలోగా ప్రభుత్వమే ఒక స్కీము తెస్తుంది. 2007 చివర్లో బీపీఎస్, అంటే బిల్డింగ్ పీనలైజేషన్ స్కీము, వచ్చింది. తెలంగాణ వచ్చాక 2015 నవంబరులో బీఆర్ఎస్ వచ్చింది, అంటే బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము. ఆ ఏడాది అక్టోబరు 28 దాకా కట్టిన అక్రమ కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేస్తామంది. ఫోరం ఫర్ గుడ్ గవర్నెన్స్ హైకోర్టుకు వెళ్ళింది, దరఖాస్తుల మీద తుది నిర్ణయాలు తీసుకోవద్దని కోర్టు ఆపింది. డబ్బు కట్టినవాళ్ళూ, అక్రమం పక్కన నలిగేవాళ్ళూ, ఇద్దరూ అక్కడే ఉండిపోయారు.

దీన్ని నేను ఖండిస్తాను. అక్రమాన్ని అప్పుడప్పుడూ జరిమానా కట్టించుకుని మన్నించే ప్రభుత్వం, నిబంధన పాటించి సెట్‌బ్యాక్ వదిలి ఇల్లు కట్టుకున్నవాడిని ఏటేటా ఓడిస్తుంది. ఢిల్లీలో ఇది పరాకాష్ఠకు చేరింది. నివాస ప్రాంతాల్లో నడిచే దుకాణాలకు సీలు వేయమని 2006 ఫిబ్రవరిలో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఊరు అట్టుడికిపోయింది. ఏడాది తిరగకుండా, 2007 ఫిబ్రవరిలో, కేంద్రం కొత్త మాస్టర్ ప్లాన్ తెచ్చి ఎంపిక చేసిన వీధుల్లో ఇల్లూ దుకాణమూ కలిసి ఉండవచ్చంది. హైదరాబాదులోనూ కొన్ని రోడ్లను కమర్షియల్ రోడ్లుగా నోటిఫై చేసి ఇంపాక్ట్ ఫీజు పెట్టారు. ఆ పద్ధతి తప్పని నేను అనను. రోడ్డు మారింది, ప్లానూ మారాలి. అయితే ప్లాను మార్పు ముందు జరగాలి, వీధి మార్పు తర్వాత. వీధివాళ్ళను అడిగి జరగాలి. ఫీజు తీసుకున్నాక ఆ డబ్బుతో అదే వీధికి పెద్ద డ్రైనేజీ పైపో, పార్కింగు జాగానో రావాలి. హాస్టల్ పెట్టిన సందులో మురుగు పొంగితే, ఆ ఫీజు ఎక్కడికి పోయిందని అడిగే హక్కు వీధికి ఉంది.

పంజాగుట్ట దగ్గర రోడ్డు బట్టల షోరూముల, నగల దుకాణాల వెలుగులోకి వస్తుంది. ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడి వైపు తిరిగితే మళ్ళీ అదే కథ: ఇళ్ళ మధ్య ల్యాబులు, క్లినిక్కులు, ఆఫీసులు. కొత్తగా చెప్పేదేమీ లేదు కాబట్టి ఆగను. ఇక్కడ చెప్పాల్సింది పక్కింటివాడి హక్కు మాట. నీ ఇల్లు కాదుకదా, నీకేం నష్టం అని కోర్టులు ఒకప్పుడు పక్కింటివాణ్ణి గుమ్మంలోనే ఆపేవి. ఆ గుమ్మం తెరవడంలో మన హైకోర్టు ముందువరసలో ఉంది. నగర అభివృద్ధి ప్రణాళికలో వినోద స్థలాలకు కేటాయించిన 150 ఎకరాల్లో కొంత ఎల్ఐసీ, ఆదాయపు పన్ను శాఖ కొనుక్కుని ఇళ్ళు కట్టబోయాయి. టి. దామోదరరావు తదితరులు కోర్టుకెక్కారు. 1987లో జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పిచ్చారు. ప్లాను అచ్చయ్యాక యజమాని ఎవరైనా సరే, కేంద్ర సంస్థే అయినా సరే, దానికి కట్టుబడాల్సిందేనన్నారు. మంచి పరిసరాల్లో బతకడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్నారు. నాలుగేళ్ళకు, 1991లో, సుప్రీంకోర్టు బెంగళూరు కేసులో దాదాపు ఇదే దారిన నడిచింది. అక్కడ రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు స్థలాన్ని ముఖ్యమంత్రి చెప్పారని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చేశారు. ముద్దప్ప, ఇతర కాలనీవాసులు ఎదిరించి గెలిచారు.

ఇక ఎర్రమంజిల్. ఫక్రుల్ ముల్క్ మరో మహలు. ఎత్తుగా దిబ్బ మీద, కింద ట్రాఫిక్‌కు దూరంగా. చాలాకాలం రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖల ఆఫీసులు అందులో నడిచాయి. 2019 జూన్ 18న మంత్రివర్గం ఇక్కడ కొత్త అసెంబ్లీ కట్టాలని నిర్ణయించింది. జూన్ 27న శంకుస్థాపన కూడా అయిపోయింది. నవాబు వారసులు, నగర చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్ళు హైకోర్టుకు వెళ్ళారు. జోనింగు నియమాల్లో వారసత్వ కట్టడాలను కాపాడే 13వ నియమాన్ని 2015లోనే తీసేశాం, 2017 నాటి వారసత్వ చట్టం జాబితాలో ఈ మహలు లేదు అన్నది ప్రభుత్వ వాదన. 2019 సెప్టెంబరు 16న ప్రధాన న్యాయమూర్తి రాఘవేంద్రసింగ్ చౌహాన్, జస్టిస్ షమీమ్ అక్తర్‌ల ధర్మాసనం మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టేసింది. చట్టం చూడమన్న విషయాలను చూడకుండా తీసుకున్న నిర్ణయం నిలబడదంది. మహలు ఈరోజుకీ అక్కడే ఉంది.

ఎస్.ఆర్. నగర్ సందులో జిరాక్సు దుకాణానికీ, ఎర్రమంజిల్ దిబ్బ మీద అసెంబ్లీకీ పోలికేమిటని అడగవచ్చు. చట్టం ముందు రెండూ ఒకే ప్రశ్న. ప్లాను అంటే ఊరు తన మనుషులకు ఇచ్చిన మాట. ఆ మాటను చూసుకునే ఒకరు ఆ వీధిలో ఇల్లు కొన్నారు, ఇంకొకరు బ్యాంకు అప్పు తీసుకున్నారు, మరొకరు పదవీ విరమణ డబ్బంతా పెట్టారు. ఆ మాట మార్చదలిస్తే, దుకాణదారైనా మంత్రివర్గమైనా, ముందు వాళ్ళకు చెప్పాలి, వాళ్ళు చెప్పింది వినాలి. ఈ రోడ్డు పొడుగునా ఆ మాట ఓడిపోయిన ప్రతి చోటా జరగనిది అదే.

హెచ్ఎండీఏ ఇప్పుడు 2050 దాకా పనికొచ్చే కొత్త మాస్టర్ ప్లాన్ సిద్ధం చేసే పనిలో ఉంది. ముసాయిదా వచ్చిన రోజున మీ వీధికి ఏ రంగు పడిందో చూడండి. నివాసమైతే పసుపు, పార్కయితే ఆకుపచ్చ. తప్పుంటే గడువు లోపల అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి, అందిందని రసీదు తీసుకుని దాచుకోండి. అపార్టుమెంటు సంఘం తరఫున ఒకటి, ఎవరికి వారు ఒకటి ఇవ్వండి. హాస్టల్ నడిపేవాళ్ళు, ఇన్‌స్టిట్యూట్ యజమానులు, అద్దెకుండే పిల్లలు కూడా రాయాలి. మీరెక్కడ ఉండాలో, ఎక్కడ నేర్చుకోవాలో కూడా ఆ ప్లానులోనే తేలాలి. గడువు దాటాక మిగిలేది లాయరు ఫీజే.